పుష్ స్టార్ట్ కారుకు రెండో స్మార్ట్ కీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ మామూలైపోయాయి. కీ జేబులోంచి తీయవలసిన పనే లేదు కాబట్టి, అది కనిపించకుండా పోయేదాకా దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కారు యజమానులకు సాధారణంగా వచ్చే సందేహాలకు ఇవి జవాబులు. రోడ్ల మీద ఎక్కువగా కనిపించే హ్యాచ్‌బ్యాక్‌లు, చిన్న ఎస్‌యూవీలను దృష్టిలో పెట్టుకుని రాశాం. మోడల్‌ను బట్టి వివరాలు మారతాయి. ఇక్కడ రాసినదానికీ మీ కారుతో వచ్చిన మాన్యువల్‌కూ తేడా ఉంటే మాన్యువల్ మాటే వినండి.

ఒక కీ బాగానే పనిచేస్తోంది. రెండోది నిజంగా అవసరమా?

అవసరమే, అదీ మొదటిది పనిచేస్తుండగానే. ఒక కీ చేతిలో ఉంటే మీరే కారు నడుపుకుంటూ షోరూముకు వెళ్తారు, ఆర్డరు పెడతారు, కీ వచ్చాక కారును కాసేపు అక్కడ ఉంచితే పని అయిపోతుంది. ఉన్న ఒక్కటీ పోయాక అయితే కారు నిలిచిన చోటు నుంచి కదలదు. స్టీరింగ్ లాక్ పడి ఉంటుంది. ఆటోమేటిక్ కారయితే గేరు పార్కింగ్‌లో బిగుసుకుని ఉంటుంది. తాడు కట్టి లాక్కుపోవడం కుదరదు; కారు మొత్తాన్ని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ రావాలి. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు దారిలోనో ఆ లారీ కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అక్కడితో అయిపోదు. పనిచేసే కీ ఒక్కటీ లేనప్పుడు కొత్తది నమోదు చేయడానికి చాలా మోడళ్లలో వేరే పద్ధతి పాటించాలి. కొన్నిటిలో కంపెనీ నుంచి రహస్య కోడు తెప్పించాలి. మరికొన్నిటిలో మొత్తం తాళాల సెట్టునో, కీని గుర్తించే కంట్రోల్ యూనిట్‌నో మార్చవలసి వస్తుంది. ఆ బిల్లు ముందు రెండో కీ ధర చిన్నదిగా కనిపిస్తుంది.

కొత్త కారుతో మామూలుగా రెండు కీలు ఇస్తారు. రెండూ భద్రంగా ఉంటే ఇక్కడ మీరు చదవవలసింది కీలో ఉండే సెల్ (చిన్న బ్యాటరీ) గురించి, దాచే చోటు గురించి మాత్రమే. ఒకటి పోగొట్టుకున్నవారు, పాత కారును ఒకే కీతో కొన్నవారు మిగతాది కూడా చదవండి.

ఇంత చిన్న ప్లాస్టిక్ ముక్కకు అంత ధర ఎందుకు?

చూడటానికి ప్లాస్టిక్ ముక్కే కానీ దాని లోపల మూడు వేర్వేరు పరికరాలు ఉంటాయి. మొదటిది, కారు నుంచి వచ్చే పిలుపును వినే భాగం. మీరు తలుపు పిడి మీది బటన్ నొక్కగానే కారు 125 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో, తక్కువ దూరమే వెళ్లే సంకేతాన్ని పంపుతుంది. ఒక మీటరు అటూ ఇటూ దూరంలో కీ ఉంటే అది మేల్కొంటుంది. రెండోది, జవాబు చెప్పే భాగం. మన దేశంలో చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర, గుప్తలిపిలో జవాబు వెళ్తుంది. కారు ప్రతిసారీ కొత్త ప్రశ్న వేస్తుంది కాబట్టి నిన్నటి జవాబును ఎవరైనా రికార్డు చేసి ఈరోజు వినిపించినా పనిచేయదు. మూడోది, సెల్ లేకపోయినా పనిచేసే చిన్న చిప్. స్టార్ట్ బటన్ దగ్గర పెడితే కారులోని తీగచుట్ట నుంచే దానికి కావలసిన కరెంటు అందుతుంది.

వీటితో పాటు, తలుపు తెరవడానికి మాత్రమే పనికొచ్చే ఇనుప తాళంచెవి ఒకటి లోపల దాగి ఉంటుంది.

అయితే మీరు డబ్బు పెట్టేది వస్తువుకు మాత్రమే కాదు, నమోదుకు కూడా. కీలో ఉన్న రహస్య సంఖ్య కారు మెమరీలోకి ఎక్కాలి. అది ఎక్కనంతవరకు ఎంత అసలైన కీ అయినా ఇంజను స్టార్ట్ కాదు. ఈ కాపలా వ్యవస్థ పేరు ఇమ్మొబిలైజర్. మారుతి కార్లలో దీన్నే ఐక్యాట్స్ అంటారు. ఐరోపా సమాఖ్య 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేసింది. ఇప్పుడు మనం కొనే పుష్ స్టార్ట్ కార్లలోనూ ఇది ఉంటుంది.

సరే, మొత్తం ఎంత అవుతుంది?

మామూలు కార్లకు వేలల్లో అవుతుంది. జర్మన్ లగ్జరీ కార్లకు దానికి ఎన్నో రెట్లు. కంపెనీ, మోడల్, సంవత్సరాన్ని బట్టి ఎంతో మారుతుంది కాబట్టి ఇక్కడ ఒక అంకె రాస్తే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టే. దానికి బదులు, ఫోనులో "సుమారుగా ఇంతండీ" అన్న మాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వక ఎస్టిమేట్ అడగండి. అందులో కీ ధర, లోపలి ఇనుప తాళంచెవి ధర, దాన్ని కోసే కూలి, ప్రోగ్రామింగ్ (కీని కారులో నమోదు చేసే పని) చార్జీ, జీఎస్టీ విడివిడిగా ఉండాలి. కొన్నిచోట్ల ఇనుప తాళంచెవిని లెక్కలో కలపకుండా తక్కువ ధర చెప్పి, చివర్లో దాన్ని చేరుస్తారు. వాహన విడిభాగాలన్నిటి మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలా భాగాలకు 28 శాతం ఉండేది. పాత రేటుతో లెక్కగట్టిన ఎస్టిమేట్ ఇస్తే వెనక్కి ఇచ్చేయండి.

షోరూములో ఏమేం అడుగుతారు?

ఆర్‌సీ, యజమాని గుర్తింపు కార్డు, ఉన్న కీ, కారు. కీ పోయిందని చెబితే పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు రసీదు కూడా అడగవచ్చు. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాల ఆధారంగా మీ కారుకు సరిపడే కీ ఏదో వారి కంప్యూటర్‌లో కనిపిస్తుంది.

కారు మీ నాన్నగారి పేరు మీదో, మీ శ్రీమతి పేరు మీదో ఉంటే ఆ వ్యక్తినే వెంట తీసుకెళ్లడం మేలు. సంతకం చేసిన లేఖను కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఇంత తనిఖీ ఎందుకని విసుక్కోకండి. ఏ పత్రమూ చూడకుండా మీకు కీ ఇచ్చేవాడు మీ కారు కీని ఇంకొకరికీ ఇస్తాడు.

కొత్త కారు ఇచ్చిన రోజున కీల గుత్తికి చిన్న ట్యాగు తగిలించి ఉంటుంది. దాని మీది అంకెలే ఇనుప తాళంచెవిని కోయడానికి ఆధారం. ట్యాగు తీసి ఇంట్లో దాచండి, ఫోటో కూడా తీసుకోండి. దాన్ని కీతో పాటే వేలాడదీసి తిరిగేవాళ్లు చాలామంది. కీ పోయిన రోజున ట్యాగూ దానితోనే పోతుంది.

ఎన్ని రోజులు పడుతుంది?

ప్రోగ్రామింగ్ పని ఒక గంటలోపే అయిపోతుంది. ఆలస్యమంతా కీ రావడంలోనే. స్టాకులో ఉంచుకోరు, ఛాసిస్ నంబరు ఇచ్చి తెప్పిస్తారు. దూర ప్రయాణం పెట్టుకుని ముందురోజు వెళ్లకండి.

బజారులో తాళాలు చేసేవారు చేసివ్వలేరా? షోరూములో సగం ధరకే చేస్తామంటున్నారు.

చాలా కార్లకు చేయగలరు. విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కలా విడిభాగాల వ్యాపారం ఎంత పెద్దదో తెలిసిందే. అలాంటి చోట కీ ప్రోగ్రామింగ్ చేసేవారు దొరకడం కష్టం కాదు. కారులో స్టీరింగ్ కింద ఉండే, కారు కంప్యూటర్‌కు దారి అయిన ఓబీడీ సాకెట్‌కు తమ యంత్రం తగిలించి కొత్త కీని నమోదు చేస్తారు. వారిలో నిజంగా పని తెలిసినవారు ఉన్నారు. షోరూములో "కంట్రోల్ యూనిట్ మార్చాలి" అన్న పనిని దాన్ని మార్చకుండానే పూర్తిచేసేవారూ ఉన్నారు. అందుకని బజారు పని అనగానే తీసిపారేయడం మాకు నచ్చదు.

కానీ కొన్ని సంగతులు తేల్చుకోకుండా కారు అప్పగించవద్దు. మీ మోడల్‌కు, అదే సంవత్సరం బండికి ఇంతకుముందు చేశారా? పెట్టే కీ కంపెనీదా, ఎన్నో కార్లకు సరిపోయేలా తయారుచేసిన సార్వత్రిక రిమోటా? సార్వత్రికమైతే బటన్లు పనిచేసినా, జేబులో ఉండగానే తలుపు తెరుచుకునే సౌకర్యం రాకపోవచ్చు. పాత కీ పనిచేయకుండా పోతే బాధ్యత ఎవరిది? ఈ చివరి ప్రశ్నకు తడుముకుంటే వెనక్కి వచ్చేయండి. వారంటీలో ఉన్న కారయితే షోరూముకే వెళ్లండి. ఎలక్ట్రికల్ పనిలో బయటివారి చెయ్యి పడిందని తేలితే తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో వాదన మొదలవుతుంది.

పని జరుగుతున్నంతసేపు దగ్గరే ఉండండి. మీ కళ్ల ముందు ఒక కీ, మీ వెనక ఇంకో కీ నమోదు కాకుండా ఉండాలంటే చివర్లో యంత్రం తెర మీద నమోదైన కీల సంఖ్య చూపించమని అడగాలి. చాలా కార్లలో ఆ సంఖ్య స్కానర్‌లో కనిపిస్తుంది.

ఒక కారుకు ఎన్ని కీలైనా చేయించుకోవచ్చా?

లేదు. మెమరీలో పరిమితి ఉంటుంది. కొన్ని కంపెనీల కార్లు రెండు స్మార్ట్ కీలనే ఒప్పుకుంటాయి, కొన్ని నాలుగు, ఇంకొన్ని ఎనిమిది దాకా. ఇంట్లో ముగ్గురు నడిపేవాళ్లు ఉంటే ముందే కనుక్కోండి.

ఆన్‌లైన్‌లో చాలా చౌకగా ఉన్నాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి నుంచి పంపిస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

అబ్బాయి ప్రేమకు వంక పెట్టలేం కానీ ఆ కీ ఇక్కడ పనిచేసే అవకాశం తక్కువ. అమెరికా, జపాన్ మార్కెట్ల కోసం తయారైన చాలా కీలు 315 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తాయి. మన కారు వినేది 433.92 మీద. బయటి డబ్బా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా, మోడల్ పేరు ఒకటే అయినా ఒకదాని మాట ఇంకొకదానికి వినిపించదు. అమెరికాలోనూ కొన్ని మోడళ్ల కీలు 433 మీద పనిచేస్తాయి కాబట్టి అప్పుడప్పుడు ఎవరికో కుదిరిందన్న మాట వినిపిస్తుంది. వారి కారుకు కుదిరింది కదా అని మీరు డబ్బు పెట్టకండి.

పాతబడిన కీలు, అంటే పాడైన కార్ల నుంచి తీసినవి, ఇంకో ఉచ్చు. చాలా కంపెనీల స్మార్ట్ కీ ఒకసారి ఒక కారుకు నమోదైతే దానికే కట్టుబడిపోతుంది. లోపలి చిప్‌ను తిరిగి ఖాళీ చేస్తే తప్ప రెండో కారు దాన్ని ఒప్పుకోదు.

ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే కనిపించేది దాదాపు ఎప్పుడూ ఖాళీ డబ్బానే. లోపల సర్క్యూట్ ఉండదు. మీ కీ పైతొడుగు పగిలిందంటే మాత్రం కావలసింది అదే: పాత సర్క్యూట్‌ను కొత్త డబ్బాలోకి మార్చుకుంటే సరిపోతుంది. ప్రోగ్రామింగ్ అక్కరలేదు. కొన్ని కీలలో చిప్ సర్క్యూట్ బోర్డు మీద కాకుండా డబ్బాకు అతికించి ఉంటుంది. పాత డబ్బాను పారేసే ముందు వెతికి చూడండి.

రెండిటిలో ఒక కీ పోయింది. దొరికినవాడు కారు తీసుకుపోగలడా?

కారు ఎక్కడుందో తెలిస్తే తీసుకుపోగలడు. ఆ కీ ఇంకా మీ కారు మెమరీలోనే ఉంది కదా. కాబట్టి చేయవలసిన మొదటి పని కొత్త కీ కొనడం కాదు, పోయిన కీని తొలగించడం. మిగిలిన కీ తీసుకుని షోరూముకు వెళ్తే మెమరీ చెరిపేసి, ఉన్నదాన్ని మాత్రమే తిరిగి నమోదు చేస్తారు. ఇలా చేసేటప్పుడు మీ దగ్గరున్న కీలన్నీ అక్కడే ఉండాలి. ఇంట్లో వదిలేసి వచ్చినది కూడా చెల్లకుండా పోతుంది.

ఒక చిక్కు మిగిలే ఉంటుంది. మెమరీ నుంచి తీసేసినా, పోయిన కీలోని ఇనుప తాళంచెవి తలుపును తెరుస్తుంది. కారు స్టార్ట్ కాదు కానీ లోపలి వస్తువులు పోవచ్చు. కీతో పాటు ఆర్‌సీ, చిరునామా ఉన్న పర్సు కూడా పోయినట్టయితే తలుపు తాళం మార్పించడం గురించి ఆలోచించాలి. బస్సులోనో సంతలోనో జారిపోయిన ఒంటరి కీకి అంత ఖర్చు అనవసరమని మా అభిప్రాయం.

పాత కారు కొంటున్నాం. ఒకే కీ ఇస్తున్నారు, రెండోది "ఎక్కడో ఉంది, వెతికి ఇస్తాం" అంటున్నారు.

వెతికి ఇచ్చేదాకా ఆగండి, లేదా రెండో కీ చేయించడానికి అయ్యే మొత్తాన్ని ధరలోంచి తగ్గించుకోండి. డబ్బు చేతులు మారాక దొరికిన కీలు తక్కువ. ఏదైనా సరే, కారు చేతికి రాగానే పాత కీలన్నీ చెరిపించి మీ దగ్గరున్నవి మాత్రమే నమోదు చేయించండి. ఆ కారును నడిపినవారు ఎంతమందో, ఎవరి దగ్గర ఏ కీ ఉండిపోయిందో మీకు తెలియదు.

బీమా వర్తిస్తుందా?

మామూలు సమగ్ర పాలసీలో కీ పోవడం కవర్ కాదు. కీ రీప్లేస్‌మెంట్ కవర్ అనే అదనపు రక్షణ తీసుకుని ఉంటేనే వస్తుంది. ఎంత మొత్తం వరకు ఇస్తారు, ఏడాదిలో ఎన్నిసార్లు ఒప్పుకుంటారు, పోలీసు ఫిర్యాదు కావాలా అన్నవి పాలసీ కాగితాల్లో ఉంటాయి. పుష్ స్టార్ట్ కారుకు ఇది తీసుకోవడం మంచిదే. బంపర్ టు బంపర్ (మార్చిన భాగాలకు తరుగు కోయని పాలసీ) తీసుకున్నాం కదా అందులోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది వేరు, ఇది వేరు.

ఇంకో సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. కారే దొంగతనానికి గురైతే, క్లెయిమ్ సమయంలో బీమా కంపెనీ అన్ని కీలనూ అప్పగించమంటుంది. రెండింటిలో ఒకటి చూపించలేకపోతే, కారులోనే కీ వదిలేశారేమో అన్న అనుమానంతో ప్రశ్నలు మొదలవుతాయి. కాబట్టి కీ పోయినప్పుడే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచండి. కొత్త కీ బిల్లు, పాతది తొలగించినట్టు రాసిన జాబ్ కార్డు (షోరూము చేసిన పనుల కాగితం) కూడా దాచండి.

సెల్ అయిపోయి కారు కీని గుర్తించడం లేదు. కొత్త కీ కొనాలా?

అక్కరలేదు. లోపలి ఇనుప తాళంచెవి బయటికి తీసి తలుపు తెరవండి. రంధ్రం కనిపించకపోతే పిడి చివర ఉన్న చిన్న మూత కింద ఉంటుంది. తలుపు తెరవగానే అలారం మోగవచ్చు, కంగారు పడకండి. తర్వాత బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి. హ్యుందాయ్ కార్లలో కీతోనే బటన్ నొక్కమంటారు. టయోటాలో కీ మీది చిహ్నం ఉన్న వైపు ఆనించాలి. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో కీ పెట్టవలసిన చోటు స్టీరింగ్ పక్కన ఉంటుంది. మీ కారులో అది ఎక్కడో ఈ సాయంత్రమే ఒకసారి చేసి చూడండి.

చాలా కీలలో ఉండేది సీఆర్2032 సెల్, మూడు వోల్టులది. కొన్నిటిలో సీఆర్2025 లేదా సీఆర్2450 ఉంటుంది. పాతదాని మీద రాసి ఉన్నది చూసి అదే కొనండి. కొత్త సెల్ వేశాక మళ్లీ ప్రోగ్రామింగ్ అవసరం మామూలుగా ఉండదు. కీని ఎప్పుడూ కారు పక్కనే ఉంచితే అది కారుతో మాట్లాడుతూనే ఉంటుంది, సెల్ త్వరగా అయిపోతుంది.

తీసేసిన సెల్‌ను బల్ల మీద వదలకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారన్న అనుమానం ఉన్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కీ నీళ్లలో పడింది. బట్టలతో పాటు వాషింగ్ మెషీన్‌లో తిరిగింది.

బటన్ నొక్కి చూడకండి. ముందు సెల్ తీసేయండి, డబ్బా విప్పి గాలి తగిలేచోట ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి, తర్వాత కొత్త సెల్ వేయండి. బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, లోపలికి పొడి చేరుతుంది అంతే. బటన్లు పనిచేయకపోయినా స్టార్ట్ బటన్ దగ్గర చిప్ పనిచేయవచ్చు.

రెండో కీని ఎక్కడ ఉంచాలి?

కారులో తప్ప ఎక్కడైనా. డ్యాష్‌బోర్డు అరలో దాచే అలవాటు పాత తరం నుంచి వచ్చింది. స్మార్ట్ కీ లోపల ఉంటే కారు లాక్ కాకపోవచ్చు, బీప్ మోత ఆగకపోవచ్చు. సెల్ అయిపోయి అరలో మౌనంగా పడి ఉంటే ఇంకా ప్రమాదం: అద్దం పగలగొట్టినవాడికి కారు స్టార్ట్ చేసే సాధనం అక్కడే దొరుకుతుంది. దూర ప్రయాణాల్లో రెండో కీ ఇంకొకరి దగ్గర ఉండాలి, ఒకే సంచిలో రెండూ కాదు. తిరుమల దర్శనానికి వెళ్తూ సామాను డిపాజిట్ చేసేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. ఏడాదికి రెండుసార్లయినా రెండో కీతో కారు నడపండి.

దొంగలు కీ లేకుండానే సంకేతాన్ని లాక్కుంటారట. నిజమేనా?

నిజమే. ఒకడు మీ ఇంటి తలుపు దగ్గర, ఇంకొకడు కారు దగ్గర పరికరాలతో నిలబడి, లోపల ఉన్న కీ సంకేతాన్ని కారు దాకా సాగదీస్తారు. రిలే దాడి అంటారు దీన్ని. గుప్తలిపిని వారు ఛేదించనక్కరలేదు, దూరాన్ని మోసం చేస్తే చాలు. గుప్తలిపి బలహీనతలూ బయటపడ్డాయి: హ్యుందాయ్, కియా, టయోటా కంపెనీల కొన్ని పాత మోడళ్లలో వాడిన డీఎస్‌టీ80 పద్ధతిలో లోపాలను బెల్జియం, బ్రిటన్ పరిశోధకులు 2020లో వెల్లడించారు. కీని వీధి గుమ్మం పక్క మేకుకు తగిలించకుండా లోపలి గదిలో ఉంచండి. సంకేతాన్ని అడ్డుకునే లోహపు పొర ఉన్న సంచి కొంటే, అందులో కీ పెట్టి కారు దగ్గర నిలబడి పరీక్షించండి. తలుపు తెరుచుకుంటే ఆ సంచి దండగ.

ఫోనులో డిజిటల్ కీ ఉంది. ఇక స్పేర్ ఎందుకు?

హ్యుందాయ్ 2024లో తెచ్చిన కొత్త అల్కజార్ వంటి కార్లలో ఫోనును తలుపు పిడికి ఆనించి తెరవవచ్చు. అప్పుడప్పుడు కారును ఇంట్లోవారికి ఇవ్వడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ ఫోను పోవచ్చు, ఛార్జింగ్ అయిపోవచ్చు, కారు అమ్మేటప్పుడు ఫోనును ఇచ్చి పంపలేరు కదా. బీమా కంపెనీ అడిగేదీ చేతికి అందే కీనే.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ డీలరు దగ్గరికే వెళ్లాలా?

అవసరం లేదు. అక్కడ తాళాల పనివారిలో నాస్ట్‌ఫ్ అనే సంస్థ దగ్గర నమోదైనవారికి కంపెనీల కీ కోడ్‌లు అధికారికంగా అందుతాయి. యజమాని గుర్తింపు, రిజిస్ట్రేషన్ చూసి, పత్రం నింపించుకుని మీ ఇంటి దగ్గరే చేసిస్తారు. కొన్ని ఫోర్డ్ మోడళ్లలో పనిచేసే కీలు రెండు ఉంటే మూడోదాన్ని యజమానే నమోదు చేసుకోవచ్చు. పాత కారు కొనేటప్పుడు మాత్రం రెండో కీని బేరంలోనే కలిపి రాయించుకోండి.

కొత్త కీ చేతికి ఇచ్చారు. అక్కడే ఏమేం చూసుకోవాలి?

పాత కీని దూరంగా, కనీసం పది పదిహేను అడుగుల అవతల ఎవరికైనా ఇచ్చి నిలబెట్టండి. లేకపోతే కారు స్పందించేది ఏ కీకో తెలియదు. కొత్త కీ జేబులో పెట్టుకుని అన్ని తలుపుల పిడులూ, డిక్కీ చూడండి. లాక్, అన్‌లాక్ బటన్లు నొక్కండి. స్టార్ట్ చేయండి. తర్వాత సెల్ తీసేసి, బటన్‌కు ఆనించి మళ్లీ స్టార్ట్ చేయండి. సర్వీస్ అడ్వైజర్ విసుక్కున్నా ఈ పరీక్ష వదలకండి, చిప్ సరిగా నమోదయిందో లేదో దీనితోనే తెలుస్తుంది. ఇనుప తాళంచెవిని డ్రైవరు తలుపులో తిప్పి చూడండి. కోయకుండానే ఇచ్చిన ముక్కలు కొన్నిసార్లు కీలో అలాగే ఉండిపోతాయి. ఆ తర్వాత పాత కీతో కూడా ఒకసారి స్టార్ట్ చేసి చూసి, బిల్లు మీద కీ పార్ట్ నంబరు ఉందో లేదో చూసుకుని డబ్బు కట్టండి.